గోడమీది పేర్లు, తీగమీది పేర్లు

మన అధ్యక్ష ఖండపు శతవార్షికోత్సవ సంచికకు మీ సంఘము తరఫున ఒక చరిత్ర వ్యాసము పంపవలసినదని సంపాదకవర్గమువారు వ్రాసినప్పుడు మేము మొదట అందరివలెనే ఆలోచించినాము. దేవాలయము ఏ సంవత్సరములో కట్టినారు, ఏ దొరగారు పునాదిరాయి వేసినారు, గంట ఎక్కడనుండి వచ్చినది, ఏయే అయ్యగార్లు ఎన్నేండ్లు పనిచేసినారు, ఈ వివరములతో నాలుగు పేజీలు నిండుతవి గదా అనుకొన్నాము. అటువంటి వ్యాసములు ఈ సంచికలో ఉండనే ఉంటవి. మాకన్న బాగుగా వ్రాయగలవారు వ్రాసే ఉంటారు. అందుచేత మేము ముందుగా మన ప్రాంతము కాని ఒక ఊరి సంగతి చెప్పి, ఆ తరువాత మా ఊరికి వస్తాము. ఆ ఊరిలో చూచినదానివల్లనే మా సంఘపు పాత లెక్కల పుస్తకమును మరల తెరచి చూచినాము గనుక, దారి కొంచెము చుట్టైనా పాఠకులు ఓపిక పట్టవలెనని కోరుచున్నాము.

2019 జనవరిలో మా సంఘమునుండి పదకొండుమందిమి కొచ్చి వెళ్ళినాము. మాలో ఇద్దరు పదవీ విరమణ చేసిన పంతులమ్మలు, ఒకరు రైల్వేలో గార్డు పని చేసినవారు, మిగిలినవారము వ్యవసాయదారులము. దక్షిణ ఇండియా సంఘమునకు చెందిన సెయింట్ ఫ్రాన్సిస్ దేవాలయమును చూడవలెనన్నది మా ఉద్దేశము. ఎర్నాకుళములో రైలు దిగి, పడవమీద ఫోర్టు కొచ్చి చేరినాము.

ఆ దేవాలయము చరిత్ర చాలమందికి కొంత తెలిసినదే. 1503లో పోర్చుగీసువారు కోట కట్టుకొని అందులో కొయ్యతో చిన్న గుడి లేపినారు. 1516 నాటికి దానిని రాతి కట్టడముగా మార్చినారు. 1524లో వాస్కో డ గామా కొచ్చిలోనే చనిపోగా ఇక్కడనే పాతిపెట్టినారు. 1539లో అతని అస్థికలను పోర్చుగల్లుకు తీసికొనిపోయినారుగాని, పాతిన చోటు ఇప్పటికీ చూపుతారు. 1663లో ఒలందావారు, అనగా డచ్చివారు, కొచ్చిని పట్టుకొన్నారు. కోటలోని ఇతర రోమను కతోలిక గుడులను చాలవరకు పడగొట్టి, దీనినిమాత్రము తమ ఆరాధనకు ఉంచుకొన్నారు. 1795లో ఇంగ్లీషువారు వచ్చినారు. తరువాత అది ఆంగ్లికను సంఘమునకు, ఆపైన దక్షిణ ఇండియా సంఘమునకు వచ్చినది. అవే గోడలు మూడు దేశములవారికి, మూడు తీరుల ఆరాధనకు నీడనిచ్చినవన్నమాట.

లోపల మమ్మును నిలబెట్టినవి రెండు. పైనుండి వ్రేలాడే పెద్ద గుడ్డ పంకాలు మొదటిది. వాటి త్రాళ్ళు గోడ దాటి బయటికి పోతవి. ఆరాధన జరుగుచున్నంతసేపు బయట ఎండలో కొందరు కూర్చుండి ఆ త్రాళ్ళు లాగేవారు. రెండవది సమాధి రాళ్ళు. ఒకప్పుడు ఇవి నడుమ నేలమీద పరచి ఉండేవి. 1886లో వాటిని లేపి గోడలకు నిలువుగా అమర్చినారు. ఉత్తరపు గోడకు పోర్చుగీసువారివి, దక్షిణపు గోడకు డచ్చివారివి. కులచిహ్నములు, బిరుదులు, పుట్టిన తేది, చనిపోయిన తేది, అన్నీ లోతుగా చెక్కి ఉన్నవి. 1751 నుండి 1804 వరకు జరిగిన బాప్తిస్మములు, వివాహములు వ్రాసిన డచ్చి రిజిస్టరు ఒకటి కూడ ఈ దేవాలయమునకు ఉన్నది. మా గార్డుగారు చాలసేపు ఆ రాళ్ళముందు నిలిచి, "పేరు ఉండాలంటే రాయి కొనగలిగి ఉండాలి" అని తనలో తాను అన్నట్లు అన్నారు. అప్పుడు మేము నవ్వుకొన్నాము.

దేవాలయమునుండి కొంచెము దూరము నడచినచో సముద్రపు పాయ ఒడ్డున ఆస్పిన్‌వాల్ హౌస్ అనే పెద్ద గోదాముల ఆవరణ వస్తుంది. జాన్ ఆస్పిన్‌వాల్ అనే ఇంగ్లీషు వర్తకుడు 1867లో పెట్టిన కంపెనీది అది. మిరియాలు, కొబ్బరినూనె, అల్లము, పసుపు, కలప, కొబ్బరిపీచు ఇక్కడ పోగుచేసి ఓడలకు ఎక్కించేవారు. వర్తకము పోయిన తరువాత ఆ కొట్లు ఖాళీగా మిగిలినవి. 2012 డిసెంబరు 12న బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు కేరళ చిత్రకారులు కలిసి ఇక్కడ కొచ్చి–ముజిరిస్ బియన్నాలె అనే కళాప్రదర్శనను ప్రారంభించినారు. రెండేండ్లకొకసారి జరుపవలెనని ఏర్పాటు. ఈ కొట్లలోను, పెప్పర్ హౌస్ మొదలైన ఇతర పాత కట్టడములలోను దేశదేశముల కళాకారులు వచ్చి పనిచేసినారు. మేము వెళ్ళినప్పుడు నాలుగవ ప్రదర్శన జరుగుచున్నది.

నిజము చెప్పవలెనంటే మాకు లోపలికి పోవుటకు ఇష్టము లేదు. ఈనాటి కళ అంటే మనవంటివారికి కొంత భయము, కొంత విసుగు. తలక్రిందులుగా పెట్టిన కుర్చీని చూచి తల ఊపవలెనేమో అనిపిస్తుంది. కాని ఎండ ఎక్కువగా ఉన్నది, పడవకు ఇంకా రెండు గంటల వ్యవధి ఉన్నది, లోపల చెట్ల నీడ కనబడినది. అందుకని పోయినాము.

ఆ ఆవరణలో తీగలు కట్టి బట్టలు ఆరవేసి ఉన్నవి. నూలు బట్టలు, పనివారు తొడుగుకొనే రకము. మట్టినీళ్ళలో ముంచి తీసినట్లు రంగు మారి ఉన్నవి. ఎవరో కాపలావారు ఉతికి ఆరవేసుకొన్నారనుకొని మేము దాటిపోబోయినాము. మా పంతులమ్మ ఒకరు ఆగి, "వీటిమీద ఏదో వ్రాసి ఉన్నదే" అన్నారు. దగ్గరకు పోయి చూచినాము. ఒక్కొక్క బట్టమీద నల్లసిరాతో ఒక మనిషి పేరు, వయస్సు, పుట్టిన చోటు, అమ్మినవారు, కొన్నవారు, ధర. అవి నూట పందొమ్మిది.

దీనిని చేసినది స్యూ విలియమ్సన్ అనే దక్షిణాఫ్రికా కళాకారిణి. 1941లో ఇంగ్లండులో పుట్టి, చిన్ననాడే దక్షిణాఫ్రికా చేరినవారు. డచ్చి ఈస్టిండియా కంపెనీవారు 1652లో ఆఫ్రికా దక్షిణపు కొనలో కేప్‌టౌను స్థావరమును ఏర్పరచుకొన్నప్పటినుండి, అక్కడి పనులకు బానిసలను తెప్పించుకొనేవారు. చరిత్రకారుల లెక్కప్రకారము 1800 తరువాత కొన్నాళ్ళ వరకు అట్లు తెచ్చినవారు సుమారు 63,000 మంది. వారిలో ఇంచుమించు నాలుగోవంతు మన భారతదేశపు తీరములనుండి పోయినవారు. ఈ సంగతి మాలో ఒక్కరికైనా తెలియదు. ఆఫ్రికా మనుష్యులను అమెరికాకు తీసికొనిపోయినారని బడిలో చదివినాముగాని, మన మనుష్యులను ఆఫ్రికాకు అమ్మినారని ఏ పాఠములోను చదువలేదు.

ప్రతి అమ్మకమునకు ఒక దస్తావేజు ఉండేది. భూమి అమ్మినప్పుడు వ్రాసుకొనేటట్లే. ఆ దస్తావేజులు కేప్‌టౌనులో భద్రముగా ఉన్నవి. విలియమ్సన్ గారు అందులోని భారతీయులను వెదకి, ఒక్కొక్కరికి ఒక్కొక్క బట్ట కేటాయించినారు. కేప్‌టౌనులోని కంపెనీ కోట దగ్గరి మట్టినీళ్ళలో ఆ బట్టలను ముంచినారు. ఆపైన కొచ్చికి తెచ్చి తీగలమీద వేసినారు. ఇంతే ఆ పని. అందులో రంగులు లేవు, బొమ్మలు లేవు. ఎవరో వచ్చి తీసికొని తొడుగుకొంటారేమో అన్నట్లు అవి గాలికి కదులుచున్నవి.

ఆ పేర్లు వారి తల్లిదండ్రులు పెట్టినవి కావు. కొన్నవారు తమకు తోచినట్లు పెట్టినవి. కేప్‌టౌను దస్తావేజులలో ఫిబ్రవరి, సెప్టెంబరు అని నెలల పేర్లు కనబడుతవి. క్యూపిడ్, సిపియో అని పాత రోమువారి పేర్లు కనబడుతవి. అబ్రాహాము, మోషే అని మన బైబిలు పేర్లు కూడ కనబడుతవి. వెనుక ఊరో తీరమో చేర్చేవారు. బెంగాలు, మలబారు, కొచ్చి, కోరమాండలు.

ఈ చివరిమాట దగ్గర పాఠకులు కొంచెము ఆగవలెను. కోరమాండలు తీరమంటే మన తూర్పు తీరము. డచ్చివారు భారతదేశములో మొదట కాలుపెట్టి కొట్టు తెరచినది మన బందరులోనే, 1605లో. పులికాటులో 1613లో కోట కట్టినారు. పాలకొల్లులో బట్టల వర్తకము చేసినారు. భీమునిపట్నములోను ఉన్నారు. బందరులో, భీమునిపట్నములో, పులికాటులో ఒలందావారి సమాధులు నేటికీ ఉన్నవి. వాటిమీద కూడ కులచిహ్నములు, బిరుదులు చక్కగా చెక్కి ఉంటవి. నేసిన గుడ్డతోబాటు మనుష్యులను కూడ ఈ తీరమునుండి కొని ఓడలెక్కించినారు. కరువు వచ్చినప్పుడు, యుద్ధము వచ్చినప్పుడు ఈ అమ్మకములు పెరిగేవి. పిల్లలను అమ్ముకొన్నవారు, తమ్ముతాము అమ్ముకొన్నవారు ఉన్నారు. వేలకొలది పోయినారు. ఎక్కువమందిని బటావియాకు, సింహళమునకు పంపినారు, కొందరు కేప్‌టౌనుకు చేరినారు. మేము నలుబది ఏండ్లనుండి బందరు పోయివస్తున్నవారమేగాని, ఆ రాళ్ళను చూచినప్పుడు ఈ తలంపు ఒక్కనాడైనా రాలేదు.

ఇంకొక సంగతి సంఘస్థులమైన మనము దాటిపోరాదు. 1618లో డార్ట్ పట్టణములో కూడిన డచ్చి సంఘపు మహాసభలో, బాప్తిస్మము పొందిన బానిసను మరల అమ్మరాదను అభిప్రాయము వెలువడినది. దాని ఫలితము ఏమైనదనగా, చాలమంది యజమానులు తమ బానిసలకు బాప్తిస్మమే ఇప్పింపక వెనుకాడినారు. బాప్తిస్మమిస్తే ధర పోతుంది మరి! అయినను పొందినవారు కొందరున్నారు. బెంగాలు ఏంజెలా అని వ్రాసిన స్త్రీ ఒకతె కేప్‌టౌను చరిత్రలో ప్రసిద్ధురాలు. ఆ స్థావరపు మొదటి అధికారి జాన్ వాన్ రీబీక్ ఇంట బానిసగా ఉండి, 1666లో విడుదల పొంది, 1668లో బాప్తిస్మము తీసికొని, మరుసటి సంవత్సరము వివాహమాడినది. దక్షిణాఫ్రికాలో ఆమె సంతతివారము అని చెప్పుకొనే తెల్లవారి కుటుంబములు చాల ఉన్నవి.

మేము బట్టలన్నీ చదువలేకపోయినాము. ముప్పదివరకు చదివేసరికి మా పంతులమ్మగారు చెట్టు క్రింద కూర్చుండిపోయినారు. వయస్సులు చదువుచున్నప్పుడు అట్లయినది. బడిలో ఆమె పాఠము చెప్పిన పిల్లల వయస్సువారు అందులో ఉన్నారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ మా గార్డుగారే లేవదీసినారు. రైలు లెక్కలు చూచిన మనిషి, తేదీలలో గట్టివారు. "ఈ కొట్లు 1867నాటివి గదా. డచ్చివారు 1795లోనే పోయినారు. బానిసలను ఈ కొట్లలో ఉంచలేదు. మరి ఇక్కడ ఈ బట్టలెందుకు?" ఆ మాట సరియైనదే. కళాకారులు పాత గోడను చూడగానే దానికి లేని కథను కూడ అంటగట్టే ప్రమాదమున్నది. ప్రక్కనున్న డేవిడ్ హాలు అయితే డచ్చి కంపెనీవారే 1695 ప్రాంతములో కట్టినది. అక్కడ వేలాడదీసినచో తేదీలు కలిసేవి. దీనిని గురించి మేము పడవలోను, రైలులోను చాల వాదించుకొన్నాము. చివరకు మాకు తోచినదేమంటే, ఆ బట్టలు గోదాము గోడలను గురించి చెప్పుటలేదు, రేవును గురించి చెప్పుచున్నవి. యజమానులు మారినారు, జెండాలు మారినవి, ఓడ ఎక్కవలసిన నీరు అదే. అయినను గార్డుగారు పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవుటే మంచిదని మాకు ఇప్పుడనిపిస్తున్నది. చరిత్ర వ్రాసేటప్పుడు తేదీ అడిగే మనిషి ఒకరు ప్రక్కన ఉండవలెను.

ఇంటికి వచ్చిన తరువాత మా పంతులమ్మగారు ఈ ప్రదర్శనలను గురించి చదివి మాకు చెప్పినారు. ఆ కొట్లలో ఇతరులు చేసినవి కూడ కొన్ని ఇటువంటివే. 2012లో బెంగుళూరు కళాకారిణి షీలా గౌడ, క్రిస్టఫ్ స్టోర్జ్ అనే వారు కలిసి 170 రుబ్బురోళ్ళను అక్కడకు తెచ్చి పెట్టినారు. బెంగుళూరులో పాత ఇండ్లు తీసివేసి కొత్తవి కట్టుకొనేటప్పుడు, మిక్సీలు వచ్చి పనిలేకపోయిన ఈ రోళ్ళను వీధిప్రక్కన వదలివేసినారు. ఆ వదలివేసినవాటిని పోగుచేసి మసాలా దినుసుల కొట్టుకు తెచ్చినారు. మిరియాలకోసము ప్రపంచము కొట్టుకొన్నదని అందరూ వ్రాసినారుగాని, వాటిని నూరిన చేతులను గురించి ఎవరు వ్రాసినారు? రోలు ఎంత బరువో లేపినవారికి తెలుసు. నూట డెబ్బదింటిని లారీలలో ఎక్కించి దించిన కూలీలకు ఇంకా బాగుగా తెలుసు.

ఆ సంవత్సరమే వివాన్ సుందరం అనే చిత్రకారుడు, కొచ్చికి ఉత్తరాన పట్టణము అనే ఊరిలో త్రవ్వకములలో దొరికిన కుండపెంకులతో ఒక నగరమును పేర్చి, దానిని నీటితో ముంచి, మిరియాలు తేలునట్లు చేసినారు. ముజిరిస్ అనే ప్రాచీన రేవు అక్కడనే ఉండేదని పలువురు పండితుల అభిప్రాయము. 2016లో చిలీ దేశపు కవి రౌల్ జురీటా ఒక పొడవాటి కొట్టును ఉప్పునీటితో నింపించినారు. చూడవచ్చినవారు చెప్పులు విడిచి, ఆ నీటిలో నడచిపోయి, ఎదుటి గోడమీద వ్రాసినది చదువవలెను. 2015లో సిరియానుండి పారిపోవుచు సముద్రములో మునిగి చనిపోయిన గాలిప్ కుర్దీ అనే అయిదేండ్ల బాలునికి దానిని అంకితము చేసినారు. వాని తమ్ముడు అలన్ ఫోటో ప్రపంచమంతా చూచినది. గాలిప్‌ను ఎవరూ చూడలేదు. మిగిలినవాటిలో కొన్ని మాకు అర్థము కాలేదు, వాటిని గురించి వ్రాయము.

ఇక మా ఊరికి వస్తాము.

మా సంఘపు పాత దేవాలయమును ఇరువది ఏండ్ల క్రితము పడగొట్టినాము. పడగొట్టినారు అని వ్రాయవచ్చును, కాని తీర్మానములో మా సంతకములు కూడ ఉన్నవి. సున్నపు గచ్చు, టేకు దూలములు, దళసరి గోడలు. వానకు ఒక మూల కారేది. సంఘము పెరిగినది, చోటు చాలలేదు, కొత్తది కావలసినదే. దానికి మేము విచారపడుటలేదు. కాని పడగొట్టుటకు ముందు ఒక్క ఫోటో సరిగా తీయించలేదు, ఒక్క కొలత వ్రాసిపెట్టలేదు. దూలములు వేలములో పోయినవి. పునాదిరాయినిమాత్రము తీసి కొత్తగోడలో అమర్చినాము. దానిమీద దొరగారి పేరు, సంవత్సరము ఉన్నవి. కొచ్చిలో సమాధి రాళ్ళను లేపి గోడకు పెట్టినట్లే మేమూ చేసినామని అప్పుడు తెలియదు.

కొచ్చినుండి వచ్చిన నెలకు పాస్టరుగారిని అడిగి, కచేరి బీరువాలోనుండి పాత దేవాలయము కట్టినప్పటి లెక్కల పుస్తకమును తీయించినాము. అట్టలు ఊడిపోయినవి, పురుగు తిన్నదిగాని అక్షరములు తెలియుచున్నవి. సున్నము ఇన్ని బండ్లు, ఇటుక ఇన్ని వేలు, మేస్త్రీకి ఇంత. మేస్త్రీ పేరు ఉన్నది. వడ్రంగి పేరు ఉన్నది. తరువాత ప్రతి వారము ఒకే వరుస: మగ కూలీలు ఇందరు, ఆడ కూలీలు ఇందరు, పిల్లలు ఇందరు. ఆడువారికి మగవారి కూలిలో సగము, పిల్లలకు అందులో సగము. పేర్లు లేవు. పుస్తకమంతా తిరగవేసినాము, ఒక్క పేరు లేదు. కొచ్చిలో అమ్మబడినవారికి కనీసము యజమాని పెట్టిన పేరైనా ఉన్నది. మా అవ్వలకు అంకె ఉన్నది.

మెదకు దేవాలయమును కరువు రోజులలో కూలీలకు అన్నము దొరకునట్లు పాస్నెట్ దొరగారు కట్టించినారని, 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠ జరిగినదని మనలో తెలియనివారు లేరు. అక్కడ రాళ్ళు మోసినవారి పేర్లు వారి మనుమలు ఇంకా చెప్పగలరేమో, అడిగి వ్రాసికొనేవారుంటే మంచిది. మా ఊరిలో అయితే మేము అడగనారంభించినాము. ఇల్లిల్లు తిరిగినాము. మా నాయనమ్మ సున్నము మోసినదని కొందరు, మా తాత గానుగెద్దులను త్రోలినాడని కొందరు చెప్పినారు. తొంబది దాటిన ఒక అవ్వ తన తల్లి కడుపుతో ఉండి ఇటుకలు మోసినదని, ఆ కడుపులోనిది తానేనని చెప్పినది. ఆమె లెక్కప్రకారము దేవాలయము కట్టిన సంవత్సరము పునాదిరాయిమీది సంవత్సరముతో కలియదు, రెండేండ్లు తేడా వస్తుంది. గార్డుగారు ఆ సంగతి ప్రక్కనే వ్రాసిపెట్టినారు. ఇంతవరకు పందొమ్మిది పేర్లు దొరికినవి. ఒక మడత పుస్తకములో వ్రాసి, లెక్కల పుస్తకము ప్రక్కనే బీరువాలో పెట్టినాము. తక్కిన పేర్లు తెలిసినవారు ఎవరైనా ఈ వ్యాసము చదివినచో మా సంఘమునకు వ్రాయవలెనని మనవి.

తిరుగుచుండగా ఇంకొకటి కూడ దొరికినది. పాత దేవాలయపు గడపరాయి. పడగొట్టిననాడు అది ఎవరికీ అక్కరలేకపోయినది. ఊరి చివర చేతిపంపు దగ్గర ఎవరో పడవేయించినారు. నల్లరాయి, నడుమ పాదములు త్రొక్కి అరిగిన పల్లము. ఇరువది ఏండ్లనుండి దానిమీద ఆడవారు బట్టలు ఉతుకుచున్నారు. తీసికొనిపోయి కొత్త దేవాలయము ముందు పెట్టుదామని మేము అంటే, అక్కడ ఉతుకుచున్న అమ్మాయి, "మరి మేము దేనిమీద ఉతకాలండీ?" అన్నది. దానికి మా దగ్గర జవాబు లేకపోయినది. రాయి ఇంకా అక్కడనే ఉన్నది.